తూకానికి దొరికేది, కంటికి దొరకనిది

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో తూకం అబద్ధమాడదు. విశ్వాన్నీ శాస్త్రవేత్తలు అలాగే తూచారు. కనిపించే పదార్థంకన్నా కనిపించనిది అయిదు రెట్లు ఎక్కువుందని తేలింది. అదే కృష్ణ పదార్థం.

న్యూట్రినో కణాలే ఆ లోటు బరువు కావచ్చని 1973లో రామనాథ్ కౌశిక్, మెక్‌లెల్లాండ్ లెక్కకట్టారు. తీరా చూస్తే న్యూట్రినోల బరువు చాలలేదు. అయినా ఆ లెక్క వృథా పోలేదు. అలాంటి మరేదో కణం ఉండాలన్న వెతుకులాట నేటికీ సాగుతోంది. పులివెందుల దగ్గరి తుమ్మలపల్లెలో ఉన్నట్టే జార్ఖండ్‌లోని జాదూగూడలోనూ యురేనియం గని ఉంది. అందులో 555 మీటర్ల లోతున 2017లో ప్రయోగశాల పెట్టింది ఇలాంటి వేటకే. కౌశిక్ బెంగళూరు ఖగోళ భౌతిక సంస్థకు డైరెక్టరయ్యారు, 2002లో పద్మశ్రీ అందుకున్నారు.

రేపు జమ్మలమడుగులో ఓ పిల్ల 'ఫిజిక్స్ చదువుతా నాయనా' అంటే ఏమంటాం? దారి పొడవే. డిగ్రీ, పీజీ, అయిదారేళ్ల పీహెచ్‌డీ, ఆపైన కొన్నేళ్లు తాత్కాలిక కొలువులు. సంపాదన ఆలస్యమవుతుంది. కానీ మన ఎంట్రన్సుల్లోలా ఇక్కడ తప్పు జవాబుకు మార్కులు కోయరు, తర్వాతివాళ్లకు దారి చూపిందా అని చూస్తారు. 2015 నుంచి తిరుపతిలోనే ఐసర్ ఉంది. వద్దనేముందు బిడ్డను ఒకసారి అక్కడికి తీసుకెళ్లి చూపించండి.