అతిథులు కావు, ఆడపడుచులు

'కొంగజపం' అనే మాట మనందరం ఎరిగినదే. పైకి భక్తి, లోపల కపటం ఉన్నవారిని అలా ఎగతాళి చేస్తాం. కాని గూడు కట్టిన రోజుల్లో నీటిలో కదలక మెదలక నిలిచిన కొంగ చేపను పట్టేది ఎవరి కోసం? గూటిలో నోరు తెరుచుకొని ఎదురుచూసే పిల్లల కోసం. ఆ గూడును ఒకసారి చూసినవారు ఆ మాటను మళ్ళీ అంత తేలికగా అనలేరు.

దాన్ని చూడడానికి మనం ఎంతో దూరం పోనక్కరలేదు. బాగేపల్లి దాటి సరిహద్దు అవతల చిలమత్తూరు మండలంలోకి పోతే వీరాపురం అనే పల్లె ఉంది. 2022 వరకు అది అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఏటా ఎర్రకాళ్ళ కొంగలు అక్కడికి వచ్చి, ఊళ్ళోని చెట్లమీదనే పుల్లలతో గూళ్ళు అల్లుకుంటాయి. సుమారు నెల రోజులు ఆడపక్షి, మగపక్షి వంతులవారీగా గుడ్లను పొదుగుతాయి. ఎండ ముదిరితే రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడతాయి.

మన రాష్ట్రంలోనే మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో కొక్కరె బెళ్ళూరు ఉంది. కొంగ పేరే ఆ ఊరి పేరులో చేరింది. అక్కడివారు ఈ పక్షులను పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలుగా చూస్తారు. గూళ్ళున్న చెట్టుమీది చింతపండును వదులుకుంటారు. రెట్టల వాసనను, కిందపడిన చేపల కంపును ఓర్చుకుంటారు. ఆ రెట్టలే వారి పొలాలకు మంచి ఎరువు. 2007లో ఆ ఊరిని సముదాయ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు.

ఈ కొంగలు సైబీరియానుండి వస్తాయని చాలామంది చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఎర్రకాళ్ళ కొంగ మన దేశపు పక్షే. గూళ్ళు విడిచిన తరువాత అది మంచు దేశాలకు పోదు. నీళ్ళున్న చెరువులను వెదుక్కుంటూ మన ప్రాంతాలలోనే తిరుగుతుంది. దూరపు అతిథి అయితే నాలుగు నెలలు ఆదరించి సాగనంపితే చాలు. ఆడపడుచు మంచిచెడ్డలు ఏడాది పొడుగునా పుట్టింటివారివే కదా! అందుకే గూడున్న చెట్టును కాపాడితే మాత్రమే చాలదని నా అభిప్రాయం. చుట్టుపట్ల చెరువులనూ కాపాడాలి.

ఈ కొంగ మేసే తీరు విచిత్రమైనది. అది ముక్కును సగం తెరిచి నీటిలో ఉంచి నడుస్తుంది. చేప తగిలిన వెంటనే ముక్కు మూసుకుంటుంది. ఇందుకు లోతులేని నీరు కావాలి. చెరువును ఉద్యానవనంగా మార్చే ఉత్సాహంలో చుట్టూ నిట్టనిలువుగా సిమెంటు గోడ కట్టేస్తే కొంగకు కాలు మోపే చోటే ఉండదు. నీళ్ళు నిండుగా ఉన్నా దానికి ఆకలే మిగులుతుంది.

"మనుషులకే నీళ్ళు చాలడం లేదు, పక్షుల సంగతి ఎందుకు?" అని కొందరు అడగవచ్చు. కరువును ఎరిగిన నేలలో ఆ ప్రశ్న సహజమే. ఏడాదంతా పారే నది మన జిల్లాలో లేదు. చెరువులే మనకు ఆధారం. అయితే కొంగ మనకు రావలసిన నీటిలో వాటా అడగడం లేదు. అది కోరేది ఒక పక్క ఏటవాలుగా వదిలిన ఒడ్డు, విషం కలవని నీరు, నరకని చెట్టు. ఆ మూడూ ఉన్న చెరువు మన పశువులకూ పొలాలకూ కూడా మేలే చేస్తుంది.

మన ఊరి చెరువులో చెట్టుమీద గూడు కనిపిస్తే దూరంనుండి చూద్దాం. రాళ్ళు రువ్వవద్దు, టపాకాయలు కాల్చవద్దు. పిల్లలు ఎగిరేదాకా కొమ్మలు కొట్టవద్దని పెద్దలకు చెబుదాం. చింతపండును వదులుకున్న పల్లె ప్రజల త్యాగంతో పోలిస్తే ఇది ఎంతటి పని?