నలభీమపాకము

మంచి వంటను మెచ్చుకొనవలసి వచ్చినపుడెల్ల మనవారి నోట వచ్చు మాట ‘నలభీమపాకము’. పెండ్లి విందున విస్తరి ముందు గూర్చున్న వియ్యంకుడు మొదలు ఉప్మా చక్కగా కుదిరినదని సంతసించు గుమాస్తా వరకు అందఱును ఈ మాటనే వాడుదురు. ఈ నలుడెవడు? నిషధదేశపు రాజు. బాహుకుడను మాఱుపేరుతో నొకరి కొలువున దాగియున్నను, అతని చేతి వంట రుచిని బట్టియే దమయంతి తన మగని గుర్తుపట్టినది. ఈ భీముడెవడు? విరాటుని కొలువున వలలుడను పేరిట గరిటె పట్టి యేడాది గడపిన పాండవుడు. ఇద్దఱును మగవారే, ఇద్దఱును క్షత్రియులే. పొయ్యి ముందు నిలిచినందున వారి పౌరుషమునకు లోటు కలిగినదని యే పౌరాణికుడును చెప్పియుండలేదు. వంటకు మగవారి పేరు పెట్టి, వంటింటిని మాత్రము ఆడువారికి విడిచి, తాము వసారాలో వార్తాపత్రిక చదువుకొను జాతి మనది. ఈ వ్యాసమున మేము తప్పుపట్ట దలచినది ఈ నడవడినే.

పరులను తప్పుపట్టుటకు ముందు మా తప్పు చెప్పుకొనుట న్యాయము. కొన్నియేండ్ల క్రిందట మా రెండవ పిల్ల ఒకటవ తరగతి చదువుచుండెను. సాయంకాలము తోడిపిల్లలు వీధిలో పరుగులు పెట్టుచుండగా ఇది గోడకానుకొని కూర్చుండెడిది. ‘నెమ్మదస్తురాలు’ అని మేము మురిసితిమి. ఒకనాడు వైద్యుడు కంటిరెప్పను క్రిందికి లాగి చూచి, నెత్తురు పరీక్ష చేయించి, రక్తహీనత యున్నదని చెప్పెను. పిమ్మట ఆయన మమ్మడిగిన ప్రశ్న ఒక్కటే: ‘పిల్ల ఏమి తినుచున్నది?’ పాతికయేండ్లుగా సంస్కృతాంగ్లములు చదివి, చదివించి, ఎంతటి కఠిన శ్లోకమునకైనను అన్వయము చెప్పగల మాకు ఆ ప్రశ్నకు సమాధానము తోచలేదు. మేము మా యింటావిడ వంక చూచితిమి. ఆమె చెప్పెను: ‘తెల్లన్నము, పెరుగు, ప్రొద్దుట పాలలో డబ్బాపొడి, బడికి బిస్కత్తులు. మఱేమి పెట్టినను ముట్టదు.’ వైద్యుడు ఆమె నెత్తురును గూడ పరీక్షింపుమనెను. అది పిల్లదానికంటెను తక్కువగా నుండెను.

ఇది మా యింటి కథ మాత్రమే యైనచో పత్రికకెక్కించు పనిలేదు. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేను చూడుడు. ఆరు నెలలకు పైబడి అయిదేండ్లలోపు వయస్సు గల పిల్లలలో రక్తహీనులు దేశమున నూటికి 67 మంది. ఆంధ్రప్రదేశమున 63 మంది. తెలంగాణమున 70 మంది. పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల వఱకు గల స్త్రీలలో రెండు రాష్ట్రములందును నూటికి 57కు మించియే యున్నారు. అన్నపూర్ణ యని పేరుబడిన గోదావరి, కృష్ణల నేల ఇది. ధాన్యమునకు కొదువలేని చోట పిల్లల నెత్తురు పలచబడుటకు కారణము పేదరికమొక్కటే యనుట తప్పించుకొను మాట. పేదరికము కొన్ని యిండ్లలో నిజముగా కారణమే. నులిపురుగులు మొదలగు కారణములును కలవు. కాని నెలజీతము వచ్చు ఇండ్లలో, మా వంటి వారి యిండ్లలో, కారణము విస్తరిలోనే కనబడును.

మొదట తెల్లదనమును గూర్చిన మన వెఱ్ఱిని చూతము. వరిగింజకు ఊక పోయిన పిమ్మట మిగులు సన్నని పొర తవుడు. విటమినులలో, ఖనిజములలో పెద్దపాలు అందులోనే యున్నది. మరలో నునుపు పట్టించి దానిని తీసి పశువులకు పెట్టుదుము. మిగిలిన తెల్లని పిండిముద్దను పదేపదే కడిగి, గంజి వార్చి, బిడ్డలకు పెట్టుదుము. బెరిబెరి యను వ్యాధికి మన సర్కారు జిల్లాలు ఒకప్పుడు పేరుపడిన చోట్లు. మద్రాసు సైన్యమున వైద్యుడైన మాల్కంసన్ 1835లోనే దానిపై గ్రంథము వ్రాసెను. కారణము మాత్రము జావాద్వీపమున దొరకెను. 1890 ప్రాంతములలో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లబియ్యపుటన్నము తిన్న కోళ్లు కాళ్లు పడిపోవుటయు, తవుడుతో కూడిన బియ్యము పెట్టగనే కోలుకొనుటయు గమనించెను. ఈ మార్గమున చేసిన పరిశోధనకే 1929లో నోబెలు బహుమానము హాప్‌కిన్స్‌తో పాటు ఆయనకు లభించెను. మన దేశమున 1918లో కూనూరున మెకారిసన్ దొర బెరిబెరి విచారణగా మొదలిడిన పనియే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థయై యున్నది. ఇంత విద్య మన యింటి వాకిట నుండగా, పెండ్లిచూపులలో పిల్ల రంగును చూచినట్లు అంగడిలో బియ్యపు రంగును చూచు అలవాటు మనకు పోలేదు. బెరిబెరి నేడరుదు, దానిని తెచ్చిన అభిరుచి మాత్రము పదిలముగా నున్నది.

రెండవది డబ్బా. తల్లి మనస్సులోని భయమును పెట్టుబడిగా బెట్టి సాగు వ్యాపారమిది. పొడవు పెరుగునని, బుద్ధి వికసించునని, చదువులో మొదటివాడగునని చెప్పి పాలలో చక్కెరను కలిపించు పొడులు ఇంటింటను దేవుని గూటి ప్రక్కనే నిలిచియున్నవి. 2024 ఏప్రిలులో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖవారు ఇట్టి పానీయములను ‘హెల్త్ డ్రింకు’ అను శీర్షిక క్రింద నుంచరాదని అంతర్జాల వర్తకులకు తెలిపిరి. 2006 నాటి ఆహార భద్రతా చట్టమున ఆ మాటకు నిర్వచనమే లేదు. నిర్వచనము లేని మాటకు మనము నెలనెలయు వందల రూపాయలు చెల్లించుచున్నాము. ఇదే నేలలో పండు రాగులయందు నూరు గ్రాములకు మున్నూటికి మించిన మిల్లీగ్రాముల సున్నము కలదు. నూరు గ్రాముల పాలలో నున్నది సుమారు నూటయిరువది. తెల్లబియ్యమున పదియైనను లేదు. రాగిజావకు ప్రకటన లేదు, రంగుబొమ్మ లేదు; అందుచేత గౌరవమును లేదు.

ఇచట ఇద్దఱు ప్రతివాదులు లేచుదురు. మొదటివారు పూర్వాచార ప్రియులు. ‘మా తాతలనాటి భోజనమునకు మించినది లేదు; దానికి మరలిన చాలును’ అందురు. అయ్యా, తాతలు తిన్నది మంచి భోజనమే కావచ్చును, అవ్వలు తిన్నదేమి? మగవారు లేచిన పిదప పిల్లలు, పిల్లలు లేచిన పిదప ఆమె. గిన్నె అడుగున మిగిలిన పులుసు, చల్లారిన అన్నము. పప్పు అయిపోయిన దినమున ఆమెకు ఊరగాయయే పప్పు. ఈ ఆచారము నేటికిని కుక్కరున్న యిండ్లలో సుఖముగా కాపురము చేయుచున్నది. రక్తహీనురాలైన తల్లి కడుపున బిడ్డ చాలినంత ఇనుము కూడబెట్టుకొనక పుట్టవచ్చును. బిడ్డ భోజనము ఉగ్గుగిన్నెతో మొదలగుననుకొనుట పొరపాటు. అది తల్లి విస్తరితోనే మొదలగును. తల్లి కడపట తిను ఇంట పిల్లల పోషణను గూర్చి మాటలాడుట, వేరు ఎండబెట్టి చివుళ్లకు నీరు చల్లుట.

ఆకుకూరను ‘పేదల తిండి’ యని ప్రక్కకు నెట్టినదియు ఈ పూర్వాచారములోని పెద్దఱికమే. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ యను వ్యాధివలన తోబుట్టువులను కోల్పోయి, తామును దానివలన బాధపడి, తుదకు అమెరికాలో తమ సహచరులతో గూడి ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారు చేసిరి. ఆ పేరునకు మూలము ఆకు అను అర్థము గల లాటిను పదము. పాలకూర యాకులనుండి దానిని వేరుచేసిన శాస్త్రజ్ఞులు 1941లో ఆ పేరు పెట్టిరి. తెలుగువాడు సముద్రములు దాటి పోయి ఏ పదార్థముకొఱకు పాటుపడెనో, అది మన పెరటి తోటకూరలోను కలదు. ఆయన బొమ్మను పాఠ్యపుస్తకమున నుంచితిమి. తోటకూరను పిల్లల పళ్లెమున నుంచుట మఱచితిమి.

రెండవ ప్రతివాది సరసమైనవాడు. ‘మీరు చెప్పినదంతయు నిజమే, తీరిక ఏది?’ అనును. తీరిక ఎవరికి లేదో లెక్క చూతము. 2019లో కేంద్ర ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటి వారికై జీతములేని ఇంటిపనులలో పాల్గొన్న ఆడువారు నూటికి 81 మంది, మగవారు 26 మంది. పాల్గొన్నవారిలోనైనను ఆమె దినమునకు 299 నిమిషములు వెచ్చింపగా, అతడు వెచ్చించినది 97. కావున తీరిక లేనిది ఇంటికి కాదు, ఇల్లాలికి. ఆమె ఉద్యోగమునకు బోయి వచ్చి, రెండు చేతులతో నాలుగు పనులు చేయుచు, బిస్కత్తుపొట్లము విప్పినచో తప్పు ఆమెదని ఉపన్యసించుట అన్యాయము. సంస్కర్తలమని చెప్పుకొను మేమును ఇన్నాళ్లు అట్టి యుపన్యాసములే చేసితిమి.

ఇక చేయవలసినదేమి? ఇది మహాయజ్ఞము కాదు. పిల్లలకు వేఱు వంట, పెద్దలకు వేఱు వంట యను పద్ధతి మొదట పోవలెను. ఆఱు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు మెత్తని పప్పన్నము అలవాటు చేసి, ఏడాది నిండునప్పటికి ఇంటి వంటనే మెత్తగా చేసి, కారము వేయకమునుపే దాని పాలు వేఱుగా తీసి పెట్టిన చాలును. ప్రొద్దుట ఇడ్లీయో, పెసరట్టో, రాగిజావయో. మధ్యాహ్నము దంపుడు బియ్యమో, తక్కువ పాలిషు బియ్యమో, ఉప్పుడు బియ్యమో. ధాన్యమును నానబెట్టి ఆవిరిపట్టుటవలన పొరలోని బలము గింజలోనికి చేరును గనుక ఉప్పుడు బియ్యము తెల్లబియ్యము కంటె మేలు. బియ్యమును ఒకటి రెండు సార్లే కడిగి, గంజి వార్చక ఎసరు ఇగురబెట్టవలెను. అన్నము కొంత తగ్గి పప్పు కొంత పెరుగవలెను. ధాన్యములనుండి వచ్చు శక్తి మొత్తములో నూటికి 45 పాళ్లకు మించరాదని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో చెప్పిరి. పప్పులో దినమున కొక యాకుకూర: తోటకూర, పాలకూర, మెంతికూర, మునగాకు. దించిన పిమ్మట నిమ్మకాయ పిండుడు. ఆ పులుపు ఆకులోని ఇనుమును ఒంటికి పట్టించును. భోజనముతో తేనీరు త్రాగినచో ఆ ఇనుము వ్యర్థమగును. ఇనుపమూకుడును అటకమీదినుండి దించుడు. సాయంకాలము బిస్కత్తునకు మాఱుగా ఉడికిన సెనగలు, జామపండు, వేరుసెనగ బెల్లముతో దంచిన ఉండ. మిక్కిలి చిన్నపిల్లలకు పలుకులు గొంతున నడ్డుపడును గనుక మెత్తగా దంచియే పెట్టవలెను. తిను అలవాటున్నవారి యింట గ్రుడ్డు, చేప. లేనివారి యింట పెరుగు, పప్పుదినుసులు. వీనిలో నే యొక్కటియు పట్టణపు పెద్ద అంగడికి పోయి తేవలసినది కాదు.

‘పిల్లవాడు ముట్టడు’ అందురు. క్రొత్త కూరను పిల్లలు మొదటిసారి ఉమిసివేయుదురు; పదియో పదునైదో సార్లు కొంచెము కొంచెముగా పెట్టిన పిదప చాలమంది తిందురు. మనము రెండవనాడే ఓడిపోయి బిస్కత్తు చేతికిత్తుము. లేదా చరవాణి బొమ్మ చూపి నోరు తెఱపించి కుక్కుదుము. ఆ కుక్కుడు తిండి కాదు, దాడి. ఏమి పెట్టవలెనో పెద్దలు నిర్ణయింపవలెను; ఎంత తినవలెనో బిడ్డ ఆకలి నిర్ణయింపవలెను. అన్నిటికంటె ముఖ్యము, తండ్రి ఆ కూరనే ఆ పంక్తినే కూర్చుండి తినవలెను. తాను వేపుడును ఆవకాయను కలుపుకొనుచు పిల్లవానికి తోటకూర మహిమను బోధించు తండ్రిని ఏ పిల్లవాడును నమ్మడు.

మా యింట జరిగినది చెప్పి ముగింతుము. వైద్యుడిచ్చిన ఇనుపు మందు ఇద్దఱును నియమముగా పుచ్చుకొనిరి. భోజనము మందునకు బదులు కాదు, తోడు. తెల్లవాఱుజామున పప్పు నానవేసి, ఆకుకూర తఱుగు పని మేము పుచ్చుకొంటిమి. మొదటివారము మా పప్పు అడుగంటెను. పిల్లలు నవ్విరి, కాని నవ్వుచునే తినిరి. రెండవ మార్పు ఇంకను కష్టమైనది: నలుగురము ఒక్కసారిగా కూర్చుండుట. ‘మీరు కానిండు, నేను తర్వాత’ అను మాటను మా యింటావిడ నోటినుండి తీసివేయుటకు మూడు నెలలు పట్టెను. పప్పు మాడకుండ చేయుట ఒక వారములో నేర్చితిమి. ఆమె విస్తరి మా విస్తరితో పాటు వేయుట నేర్చుటకు ఇరువదియేండ్ల కాపురము చాలలేదు గదా యని అప్పుడు సిగ్గుపడితిమి. ఏడాది తిరిగిన పిమ్మట పిల్లదాని గోడ ఖాళీ యయ్యెను. ఇపుడు దానిని వీధినుండి పిలిచి తెచ్చుటయే మా కష్టము.

కావున సోదరులారా, ‘నలభీమపాకము’ అను మాటను ఇకముందు వాడదలచినపుడు ఒక్క నిబంధన పాటింపుడు. ఆ దినమున మీ బిడ్డ ఏమి తిన్నదో, మీ ఇల్లాలు ఎప్పుడు తిన్నదో చెప్పగలిగినచో వాడుడు. చెప్పలేనిచో లేచి, పంచె ఎగగట్టి, వంటింటిలోనికి నడువుడు. నలుడును భీముడును అచటనే యుందురు.