బోర్డు ఉంది సరే, కుర్చీల్లో ఎవరు?

నల్లా నీళ్లు వాసన కొడితే మన ఇళ్లల్లో వచ్చే సవాల్ ఒకటే: "హుకూమత్ ఏం చేస్తోంది?" సవాల్ సరైనదే. కానీ హుకూమత్ పెట్టిన ఇదారా ఎలా తయారవుతుందో తెలియకపోతే మన షికాయత్ గాలికి చెప్పినట్టే.

1974లో పార్లమెంటు జల కాలుష్య నివారణ ఖానూన్ చేసింది. నీళ్లు రాష్ట్రాల విషయం కాబట్టి అసెంబ్లీలు తీర్మానం చేసి దాన్ని ఒప్పుకున్నాయి. కాలుష్య నియంత్రణ మండలి ఆ ఖానూన్ కిందే పుట్టింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే మండలి ఏర్పడింది.

ఆ ఖానూన్ నాలుగో సెక్షన్ చూడండి. ఛైర్మన్‌కు పర్యావరణ విషయాల్లో ఇల్మ్ గానీ తజుర్బా గానీ ఉండాలి. సర్కారీ అధికారులు అయిదుగురి దాకా, స్థానిక సంస్థల సభ్యులు అయిదుగురి దాకా, వ్యవసాయం, చేపలు, పరిశ్రమ, వ్యాపారం తరఫున ముగ్గురి దాకా ఉండొచ్చు. సర్కారీ కంపెనీల నుంచి ఇద్దరు. వీళ్లతో పాటు పూర్తికాలం పనిచేసే మెంబర్ సెక్రటరీ.

కిటుకంతా "దాకా" అన్న మాటలోనే ఉంది. పైన హద్దు ఉంది, కింద లేదు. ఛైర్మన్ పూర్తికాలం ఉండాలా, అప్పుడప్పుడూ వచ్చి పోవాలా అన్నదీ సర్కారు మర్జీకే వదిలారు. ఫ్యాక్టరీ పక్క బస్తీ అవామ్‌కి విడిగా కుర్చీ లేదు. వాళ్లకున్న దర్వాజా స్థానిక సంస్థల ఆ అయిదు కుర్చీలే. కాబట్టి వోటు అడగడానికి వచ్చిన కార్పొరేటర్‌ని రోడ్డు, లైటు గురించి మాత్రమే కాదు, మండలిలో మన తరఫున ఎవరున్నారో కూడా అడగాలి.

ఇంకో దర్వాజా ప్రజాభిప్రాయ సేకరణ. 2006 నోటిఫికేషన్ ప్రకారం చాలా రకాల పెద్ద ప్రాజెక్టులకు ముందు ఈ సభ జరగాలి. జరిపేది ఈ మండలే. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఉర్దూలో కూడా రావాలని మనం అడగాలి. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష. అది మన హక్, ఎవరి మెహర్బానీ కాదు. సభకు మన ఆడవాళ్లూ వెళ్లాలి, నీళ్ల బాధ ముందుగా పడేది వాళ్లే కదా.

ఒక కడ్వీ బాత్ కూడా చెప్పాలి. తమిళనాడులో పాలార్ నదిని తోళ్ల కార్ఖానాలు పాడుచేశాయన్న కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పాడుచేసినవాడే నష్టపరిహారం కట్టాలంది. ఆ తోళ్ల వ్యాపారంలో మన ఖౌమ్ వాళ్లూ చాలామంది ఉన్నారు. మన బస్తీకి ఇన్సాఫ్ అడిగే నోటితో మన కార్ఖానాకు రియాయత్ అడగడం కుదరదు. ఖానూన్ ఇద్దరికీ ఒకటే అయినప్పుడే మన షికాయత్‌కి వజన్ ఉంటుంది.

మండలిలో ఎన్ని కుర్చీలు నిండాయి, ఎవరు కూర్చున్నారు? ఆ పేర్లు తెలుగులో, ఉర్దూలో అందరికీ కనబడేలా పెట్టమని హుకూమత్‌ని అడుగుదాం. ఖాళీ కుర్చీకి జవాబ్‌దారీ ఎక్కడి నుంచి వస్తుంది?