సత్యకథయు సంగీత చిత్రమును

నిజముగా జరిగిన కథను పాటలతో కూడిన చలనచిత్రముగా తీయునపుడు మార్పులు తప్పవు. పదియిరువదేండ్ల జీవితమును మూడు గంటలలో చూపవలెను. నిత్యజీవితమున ఎవ్వరును మాటల నడుమ పాట నందుకొనరు. చిత్రమున అట్లు పాడకున్న కథ సాగదు. ఇవి కళకు సహజమైన స్వేచ్ఛలు. కాని ఆ స్వేచ్ఛకు హద్దు లేకపోలేదు. అది యెచ్చట నున్నదో ఆలోచింపవలెను.

1965లో వెలువడి, ఉత్తమ చిత్ర బహుమానముతో సహా ఐదు ఆస్కారు బహుమానములను పొందిన 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' అను అమెరికా చిత్రము ఇందులకు తగిన ఉదాహరణము. ఆస్ట్రియా దేశమందలి సాల్జ్‌బర్గ్ నగరమున నివసించిన ట్రాప్ కుటుంబము వారి చరిత్ర దీనికి మూలము. మరియా అను యువతి క్రైస్తవ సన్యాసినుల మఠమునుండి ఒక మాజీ నౌకాధికారి యింటికి వచ్చును. తల్లిలేని ఏడుగురు పిల్లలకు పాటలు నేర్పును. పిదప ఆయనను వివాహమాడును. 1938లో హిట్లరు ఆస్ట్రియాను జర్మనీలో కలుపుకొనగా, ఆ కుటుంబము రాత్రివేళ తప్పించుకొని, కొండలెక్కి స్విట్జర్లాండు దారి పట్టును. ఇది తెరమీది కథ.

మరియా 1949లో ప్రకటించిన గ్రంథమునుబట్టి చూడగా అసలు సంగతి వేరు. 1926లో ఆమె ఆ యింటికి వచ్చినది ఏడుగురికొరకు కాదు. జబ్బుపడి బడికి పోలేని ఒక్క బాలికకు చదువు చెప్పుటకు. వివాహము 1927లోనే జరిగెను. దేశము విడుచునాటికి ఆ దంపతులకు మరి యిద్దరు కుమార్తెలు కలిగియుండిరి. వారు కొండ లెక్కలేదు. రైలెక్కి ఇటలీకి పోయిరి. సాల్జ్‌బర్గ్ జర్మనీ సరిహద్దున నున్న నగరము. అచ్చటి కొండ దాటినవారు చేరునది హిట్లరు రాజ్యమే గదా!

ఈ మార్పులను నేను తప్పుపట్టను. తేదీలు మారినను, దారి మారినను ఎవ్వరికిని హాని లేదు. కాని కెప్టెన్ ట్రాప్‌ను చిత్రించిన తీరు అట్టిది కాదు. తెరమీద ఆయన కఠినుడు. పిల్లలను సైనికులవలె నడిపించి, ఇంట పాటయే వినబడనీయనివాడు. పిల్లలను పిలుచుటకు ఆయన ఈల నుపయోగించిన మాట నిజమే. కాని ఆయన వాత్సల్యము గల తండ్రి, సంగీతప్రియుడు. మరియా రాకముందే ఆ యింట సంగీతము కలదు. తండ్రి మొదటినుండియు మృదువైనవాడైనచో పాటలు కరిగించుటకు ఏమి మిగులునని చిత్రకారులు అడుగవచ్చును. ఆ మాటలో కొంత న్యాయమున్నది. అయినను 1947లోనే మరణించిన ఆయన తన పక్షమున ఒక్క మాటయైన చెప్పుకొనజాలడు. ఈ చిత్రణము ఆయన బిడ్డల మనస్సును నొప్పించెను.

అంతకంటె పెద్ద లోపము మరియొకటి. ఆ కుటుంబము ధనము నుంచిన బ్యాంకు 1930ల నడుమ దివాలా తీసెను. వారు సేవకులను తగ్గించుకొని, ఇంటిలోని గదులను అద్దెకిచ్చి కాలము గడపిరి. అట్టి స్థితిలో హిట్లరు ప్రభుత్వము కెప్టెనుకు నౌకాసేనలో పదవిని, వైద్యుడైన పెద్దకుమారుడు రూపర్టుకు ఆసుపత్రిలో ఉద్యోగమును ఇవ్వజూపెను. హిట్లరు జన్మదినమున పాడుటకు కుటుంబమును ఆహ్వానించెను. వారు మూడింటిని నిరాకరించిరి. చిత్రమున ఆ కుటుంబము చివరిదాక సంపన్నమే. సంపన్నుడు పదవిని కాదనుట ఒక యెత్తు. ఆస్తి పోయినవాడు కాదనుట మరియొక యెత్తు. కొండ నెక్కుటలో కన్న ఆ "వలదు" అను మాటలోనే నిజమైన ధైర్యమున్నది. దానికి పాట కట్టుట కష్టము గనుక తెరమీద అది మరుగుపడెను.

కావున నా యభిప్రాయమిది: కాలమును, స్థలమును మార్చుకొను స్వేచ్ఛ కళాకారునికి కలదు. కాని మనిషి స్వభావమును, అతడు చెల్లించిన మూల్యమును మార్చరాదు. మన దేశమున మహనీయుల జీవితములపై వచ్చు చిత్రములకును ఇదే న్యాయము వర్తించును. విద్యార్థులు అట్టి చిత్రములను చూచి ఆనందింపవచ్చును. పాటలను నేర్చి పాడుకొనవచ్చును. కాని దానితో ఆ వ్యక్తి తెలిసెనని తలపక, ఆతని చరిత్రను గూడ చదువవలెను. అది మనము ఆతనికి తీర్చవలసిన ఋణము.