దర్శనాల దారిలో దాటిపోతున్న చరిత్ర

హైదరాబాద్ వచ్చిన చుట్టాలకు చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం చూపించనిదే పంపం. అదే చుట్టాలు కరీంనగర్ వస్తే వేములవాడ రాజన్న, కొండగట్టు అంజన్న, ధర్మపురి నర్సన్నల దర్శనం చేయిస్తాం. సాయంత్రానికి మానేరు డ్యాం కట్ట మీదికి తీసుకుపోతాం. ఆదిలాబాద్ వస్తే బాసర, కుంటాల జలపాతం. ఉత్తర తెలంగాణలో చూడవలసినవి ఇవేనన్న అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. తెలుగు నేల మీద తొలి రాజ్యాల ఆనవాళ్లు, రాతికెక్కిన తొలి తెలుగు కందపద్యాలు ఈ దారుల చుట్టుపక్కలే ఉన్నాయి. అక్కడికి పోయేవారు తక్కువ. పోయేవారు లేనిచోట అడిగేవారుండరు. అడిగేవారు లేనిచోట గుట్టను క్వారీ తింటుంది, దిబ్బను నాగలి తింటుంది, కోటగోడను లంకెబిందెల కోసం వెతికేవాడి గడ్డపార తింటుంది.

ధర్మపురికి దగ్గర్లో, గోదావరిలో పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల ఉంది. రాష్ట్ర పురావస్తు శాఖ 1980 ప్రాంతంలో ఇక్కడ తవ్వకాలు జరిపింది. శాతవాహన వంశ స్థాపకుడు శ్రీముఖుడి నాణేలు ఇక్కడే దొరికాయి. ఆయన కన్నా ముందటివారుగా చరిత్రకారులు భావించే గోబద, నారన, కంవాయసిరి, సమగోపుల నాణేలూ ఈ మట్టిలోనే బయటపడ్డాయి. శాతవాహనుల తొలి అడుగులు ఎక్కడ పడ్డాయన్న చర్చను తెలంగాణ వైపు తిప్పిన స్థలమిది. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులో వేల సంఖ్యలో నాణేలు, ఇటుక కట్టడాలు, కాల్చిన మట్టి ఒరలతో కట్టిన బావులు వెలికివచ్చాయి. ధూళికట్టలో మట్టికోట, దాని సమీపంలో బౌద్ధస్తూపం, స్తూపానికి తొడిగిన ఫలకాల మీద పడగ విప్పిన ముచిలింద నాగుడి బొమ్మ కనిపించాయి. ఆంధ్రులకు ప్రాకారాలున్న 30 నగరాలున్నాయని మెగస్తనీసు కాలపు సమాచారం ఆధారంగా ప్లినీ రాశాడు. వాటిలో ధూళికట్ట ఒకటి కావచ్చునని పరిశోధకుల భావన.

కోటిలింగాలకు తర్వాత ఏమైంది? ఎల్లంపల్లి వద్ద గోదావరి మీద శ్రీపాద ప్రాజెక్టు కట్టాక వెనుక జలాలు ఆ పాటిగడ్డలో కొంత భాగాన్ని ముంచాయి. సాగునీరు అవసరమే, అందులో వాదన లేదు. కానీ నాగార్జునసాగర్ కట్టేటప్పుడు ముందుగానే నాగార్జునకొండ లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను పైకి తరలించి, జలాశయం నడుమ దీవి మీద మ్యూజియం కట్టారు. శ్రీశైలం ముంపు నుంచి కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఆ పని చేయడం తెలిసిన మనమే కోటిలింగాల దగ్గర అంత శ్రద్ధ చూపలేదు. నాగార్జునకొండ విలువ అప్పటికే దేశమంతటికీ తెలుసు. కోటిలింగాల విలువ పక్క మండలానికి కూడా సరిగా తెలియదు. తేడా వచ్చింది ఇక్కడే.

బొమ్మలగుట్టదీ ఇదే కథ. కరీంనగర్ నుంచి కొండగట్టుకు పోయే తోవలో, గంగాధర మండలం కురిక్యాల దగ్గర ఆ గుట్ట ఉంది. పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతంలో దాని మీద సంస్కృతం, కన్నడం, తెలుగు భాషల్లో శాసనం చెక్కించాడు. చక్రేశ్వరితోపాటు జైన తీర్థంకరుల బొమ్మలు చెక్కించాడు. ఆ శాసనంలోని మూడు కందపద్యాలు నన్నయకు సుమారు వందేళ్లు ముందువి. మన భాష ప్రాచీనత గురించి ఎవరు మాట్లాడినా ఈ గుట్ట పేరెత్తక తప్పదు. అంత విలువైన బండ ఉన్నది గ్రానైట్‌కు పేరుపడ్డ జిల్లాలో. చుట్టుపక్కల గుట్టలను క్వారీలు కోసుకుంటూ పోతుంటే పేలుళ్ల అదురుకు శాసనం దెబ్బతింటుందని చరిత్ర అభిమానులు ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు. ఎగుమతికి గ్రానైట్ మరో గుట్టలో దొరుకుతుంది. జినవల్లభుడి పద్యం మరో గుట్టలో దొరకదు.

చట్టాలు లేక కాదు. కేంద్రం రక్షించే కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషేధిత ప్రాంతమని, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతమని 2010లో సవరించిన కేంద్ర చట్టం చెబుతోంది. తెలంగాణ 2017లో సొంతంగా వారసత్వ పరిరక్షణ చట్టం చేసుకుంది. అయితే గుట్ట దగ్గర జరిగేది మొదట కంటపడేది ఆ ఊరివారికే. తమ పాటిగడ్డ విలువేమిటో తెలిసిన రైతు అక్కడి మన్ను ట్రాక్టర్‌లో చేనుకు తోలుకుపోవడానికి ఒప్పుకోడు. తన ఊరికి వారం వారం బస్సులో పిల్లలు వస్తుంటే, వారితో నాలుగు చాయలు అమ్ముడవుతుంటే, అర్ధరాత్రి గుప్తనిధుల ముఠా దిగినప్పుడు ఊరే అడ్డం నిలుస్తుంది. చూడవచ్చేవారు పెరగడమే తొలి రక్షణ అని చెప్పడానికి కారణమిదే.

జనం వస్తే పాడుచేస్తారన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. కోటగోడల మీద పేర్లు గీకేవారు, ప్లాస్టిక్ సీసాలు పారేసేవారు అంతటా ఉన్నారు. దానికి మందు తలుపులు మూయడం మాత్రం కాదు. చూస్తున్నదేమిటో చెప్పే మనిషి పక్కన ఉంటే గోడ మీద గీకే చెయ్యి ఆగుతుంది. కరీంనగర్‌కు పది కిలోమీటర్ల దూరంలో ఎలగందుల కోట ఉంది. కాకతీయుల నుంచి ఆసఫ్‌జాహీల దాకా ఎందరో పాలకుల చేతులు మారిన కోట అది. 1905 వరకు ఈ జిల్లాకు పేరిచ్చిన ఊరు అది. జగిత్యాలలో 18వ శతాబ్దపు కోటను కందకంతో, నక్షత్రాకారంలో ఐరోపా పద్ధతిలో కట్టారు. ఈ రెండింటికీ పోయేవాళ్లు ఫొటోలు దిగి తిరిగివస్తున్నారు. బురుజు అలా ఎందుకు వంగింది, ఫిరంగి ఏ వైపు చూసేది, కందకంలోకి నీరెక్కడిది అని చెప్పేవారుంటే అదే కోట మూడు గంటల పాఠమవుతుంది.

ఆదిలాబాద్ సంగతి కొంత వేరు. అక్కడి చరిత్ర సిర్పూరు, ఉట్నూరు కోటల్లో, జైనథ్ ఆలయంలో ఉన్నంతగా మనుషుల్లోనూ ఉంది. కీక్రి వాయిస్తూ గోండుల వంశగాథలు పాడే పర్ధాన్లు, కంచు పోతపోసే ఓజాలు, కేస్లాపూర్‌లో నాగోబా జాతర నడిపే మెస్రం వంశీయులు ఆ చరిత్రను ఇప్పటికీ బతికిస్తున్నారు. 1940లో నిజాం బలగాలతో పోరులో కుమ్రం భీం నేలకొరిగిన జోడేఘాట్‌లో స్మారకం, గిరిజన మ్యూజియం వచ్చాయి. ఆయన పోరాటం తర్వాతే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి పంపింది. ఆయన మకాం పెట్టిన మార్లవాయిలోనే ఆయన భార్య బెట్టీ సమాధి ఉంది. జోడేఘాట్, మార్లవాయి, కేస్లాపూర్‌లను ఒకే యాత్రగా చూసే ఏర్పాటుంటే ఆ ప్రాంతం అర్థమవుతుంది. అక్కడ గైడు ఉద్యోగం, మ్యూజియం బాధ్యత గోండు, కొలాం, పర్ధాన్ యువతకే దక్కాలి. తమ తాతల వస్తువుల గురించి చెప్పే అర్హత వారికే ముందుంది.

ఇంకో అన్యాయం కూడా చెప్పుకోవాలి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ ఎముకలకు శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరు కలిపి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరుపెట్టారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది. ఆ ఊరి పిల్లలు మాత్రం దాన్ని చూడాలంటే రాజధానికి పోవాలి. అసలు ఎముకలకు నగరంలో భద్రత ఉందన్నది నిజమే. నమూనా అయినా సొంతగడ్డ మీద నిలబెట్టడానికి అడ్డేముంది?

మరో రాష్ట్రం దారి చూపింది. మధురై సమీపంలోని కీళడిలో తవ్వకాలు మొదలైంది ఈమధ్యే, 2014-15 ప్రాంతంలో. తమిళనాడు ప్రభుత్వం 2023 మార్చిలో అక్కడే మ్యూజియం తెరిచింది. మట్టిలో దొరికినదాన్ని ఆ మట్టి పక్కనే చూపించింది. తమ ప్రాచీనతకు నిదర్శనంగా ఇంటింటా చెప్పుకునేలా చేసింది. కోటిలింగాల తవ్వకాలు జరిగి నాలుగు దశాబ్దాలు దాటింది. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనమూ పండుగ చేసుకున్నాం. ఆ ఉత్సాహం గోదావరి ఒడ్డు దాకా రావాలి.

2016లో జిల్లాల పునర్విభజన తర్వాత చిక్కు మరొకటి పెరిగింది. కోటిలింగాల జగిత్యాలకు, ధూళికట్ట పెద్దపల్లికి పోయాయి. అక్కడ తవ్వి తీసిన వస్తువులు కొన్ని కరీంనగర్ మ్యూజియంలో ఉన్నాయి. స్థలమొక జిల్లాది, వస్తువొక జిల్లాది, బాధ్యత ఎవరిదో తేలదు. అందుకే పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వారసత్వాన్ని ఒకేచోట నుంచి చూసుకునే యంత్రాంగం కావాలి. కోటిలింగాలలో స్థల మ్యూజియం కట్టాలి. ధూళికట్ట, పెద్దబంకూరు, బొమ్మలగుట్టల దగ్గర తెలుగులో వివరమైన బోర్డులు, నమూనాలు పెట్టాలి. బొమ్మలగుట్ట చుట్టూ క్వారీలకు హద్దు గీసి, ఆ హద్దును అమలు చేయాలి. వేములవాడ, కొండగట్టు, ధర్మపురి భక్తుల కోసం ఆర్టీసీ నడిపే ప్రత్యేక బస్సుల్లో కొన్నింటినైనా ఈ స్థలాల మీదుగా మళ్లించాలి.

వీటిలో కొన్నింటికి నిధులు, సమయం పడతాయి. బడి పిల్లలను తీసుకుపోవడానికి అంత పట్టదు. ప్రతి ఉన్నత పాఠశాల ఏడాదికి ఒక్కసారి తన జిల్లాలోని ఒక పురాతన స్థలాన్ని, ఒక మ్యూజియాన్ని పిల్లలకు చూపించాలని ప్రభుత్వం వచ్చే విద్యా సంవత్సరం నుంచే ఉత్తర్వు ఇవ్వాలి. బస్సు కిరాయి ప్రభుత్వమే భరించాలి.