మూడో రంధ్రం ఖాళీ

ఎండాకాలం కూలరు తాకి, వానాకాలం బట్టలారేసే తీగ పట్టుకుని మన ఇళ్లల్లో మనుషులు చనిపోతూనే ఉన్నారు. పొలం మోటార్ల షాకుల గురించి ఎన్నోసార్లు రాశాం. ఈసారి ఇంటి గోడకున్న ప్లగ్గు సంగతి.

పాత ప్లగ్గు కాలిపోతే బజారు నుంచి మూడు రంధ్రాల సాకెట్ తెచ్చి బిగిస్తాం. బోర్డు విప్పి చూస్తే చాలా ఇళ్లల్లో రెండే తీగలు. పైనున్న పెద్ద రంధ్రం ఎర్త్‌ది, దానికి తీగే ఉండదు. రెండు రంధ్రాల ప్లగ్గు కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే రక్షణ ఉన్నట్టు నమ్మిస్తుంది. అమెరికా విద్యుత్ కోడ్ ప్రకారం ఎర్త్ లేని పాత ఇంట్లో ఇలాంటి సాకెట్ మార్చాలంటే లీకేజీ కరెంటును కట్ చేసే పరికరం పెట్టాలి, ఎర్త్ లేదని సాకెట్ మీద రాసి ఉంచాలి. మన దగ్గర ఆ మాట చెప్పేవారు లేరు.

ఎంసీబీ ఉంది కదా అంటారు. అది తీగను కాపాడేది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి కరెంటు పారితేనే పడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే క్షణంలో పడిపోతుంది. ఎర్త్ లేని ఇంట్లోనూ పనిచేస్తుంది, కానీ మనిషి తాకిన తర్వాతే. ఎర్త్ ఉంటే తాకకముందే పడుతుంది. అందుకే రెండూ కావాలి.

ఇక చట్టం. 1956 నాటి విద్యుత్ నిబంధనలు ఈ లీకేజీ రక్షణ విషయంలో 5 కిలోవాట్ల లోపు ఇళ్లను వదిలేశాయి. తర్వాత ఆ హద్దు తగ్గింది గానీ, చిన్న లోడు పేరుతో మినహాయింపు పోలేదు. ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక కూలరు ఉన్న కూలీ ఇల్లే కదా అది! రేకుల కప్పు, తడిగోడ, అతుకుల వైరు ఉండేది అక్కడే.

2010 నాటి కేంద్ర నిబంధనల్లో స్విచ్చు, ఫ్యూజు లాంటివి ఉన్నదానికి ఉన్నట్టు మార్చుకోవడానికి లైసెన్సు కాంట్రాక్టరు అక్కర్లేదన్నారు. 6 ఆంపియర్ల చోట 16 పెడితే అది ఆ లెక్కలోకి రాదు. కొత్త తీగ లాగాల్సిందే.

తెల్లకార్డు ఉన్న ప్రతి ఇంటికీ ఆర్‌సీసీబీని, ఎర్త్ గుంతను డిస్కంలే ఉచితంగా పెట్టాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను డిమాండ్ చేస్తున్నాం. వచ్చే గ్రామసభలో ఎర్త్ లేని ఇళ్ల జాబితా ఇవ్వండి. అర్జీ నకలు సంఘం ఆఫీసుకు పంపండి.