బ్యాంకాక్ అనగానే ఆ నవ్వెందుకు?

మా హాస్టల్లో ఎవడైనా "బ్యాంకాక్ వెళ్తున్నా" అంటే చాలు, గదిలో అందరి మొహాల మీదా ఒకటే నవ్వు. ఆ నవ్వు మీకూ తెలుసు. గోవా అంటే సగం నవ్వు, బ్యాంకాక్ అంటే పూర్తి నవ్వు. సినిమాల్లో కామెడీ ట్రాకులు నేర్పాయో, బ్యాచిలర్ పార్టీల కథలు నేర్పాయో గానీ, మన దగ్గర థాయ్‌లాండ్ అనేది ఒక దేశం పేరు కాదు, ఒక జోకు పేరు. ఈ నవ్వు వల్ల మనకి నష్టం జరుగుతోందని నా వాదన. అది చెప్పాలంటే ముందు నా కథ చెప్పాలి, కొంచెం సిగ్గుగానే ఉంది.

పోయిన జూన్‌లో సెమిస్టర్ పరీక్షలయ్యాక ఐదుగురం బ్యాంకాక్, పటాయా వెళ్ళాం. ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండ్ దాచుకున్న డబ్బులు. శంషాబాద్‌లో విమానం ఎక్కితే మూడున్నర గంటల ప్రయాణం. అమరావతి నుంచి శంషాబాద్ చేరడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. ఐదుగురిలో నలుగురం ఇంట్లో చెప్పింది మాత్రం "గోవా". నిజానికి మేం చేసింది గుళ్ళు చూడటం, సముద్రంలో ఈదడం, రోడ్డు పక్కన నూడుల్స్ తినడం. దాచాల్సింది ఏమీ లేదు. అయినా దాచాం. "బ్యాంకాక్" అనగానే అమ్మానాన్నలకి కూడా ముందు ఆ జోకే గుర్తొస్తుందని మాకు తెలుసు.

మూడో రోజు పటాయాలో రెండు స్కూటర్లు అద్దెకి తీసుకున్నాం. అక్కడా మనలాగే ఎడమ వైపే నడుపుతారు కాబట్టి మాకు ఎక్కడలేని ధీమా వచ్చేసింది. షాపువాడు డిపాజిట్‌గా పాస్‌పోర్టు అడిగాడు, ఇచ్చేశాం. అది మొదటి తప్పు. వాన పడి ఆగిన రోడ్డు మీద మలుపులో మావాడి బండి జారింది. కుడి మణికట్టు విరిగింది.

ఆస్పత్రిలో మొదటి ప్రశ్న: ఇన్సూరెన్స్ ఉందా? ఉంది, టికెట్‌తో పాటే కొన్నాం. కానీ పాలసీలో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఆ దేశంలో చెల్లే లైసెన్సు లేకుండా బండి నడిపితే క్లెయిమ్ రాదు. మావాడి దగ్గర ఉన్నది మన ఆంధ్రా లైసెన్సు ఒక్కటే. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అది ఇక్కడి ఆర్టీవో ఆఫీసులోనే ఇస్తారు, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు, ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుతుంది. ఆ వెయ్యి మిగుల్చుకున్నందుకు ఎక్స్‌రేలు, కట్టు, ఒక రాత్రి గది అన్నీ కలిపి 38 వేల బాత్‌లు కట్టాం. మన లెక్కలో దాదాపు లక్ష. అటు షాపువాడు గీతలు పడ్డ స్కూటర్‌కి డబ్బులు కట్టేదాకా పాస్‌పోర్టు ఇవ్వనన్నాడు.

ఐదుగురి దగ్గరా కలిపి అంత డబ్బు లేదు. మావాడి నాన్నకి ఫోన్ చేసే పని నా మీద పడింది. ఆయన పెదకూరపాడు వైపు మిర్చి రైతు.

"అంకుల్, వాడికి చెయ్యి విరిగింది."

"అయ్యో! గోవాలో ఏ ఆస్పత్రిలో చేర్చారు?"

నిజం చెప్పాను. అటువైపు నుంచి కాసేపు మాట రాలేదు. తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న "వాడెట్లా ఉన్నాడు?" అని కాదు.

"అక్కడికెందుకెళ్ళార్రా మీరు?"

డబ్బు గంటలో పంపారు. కానీ ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. కన్న కొడుకు ఆస్పత్రిలో ఉంటే ఒక తండ్రికి ముందుగా అనుమానం వచ్చిందంటే, అందులో ఆయన తప్పెంత, మన నవ్వు తప్పెంత? పైగా మేం అబద్ధం చెప్పబట్టి ఆ అనుమానం ఇంకా బలపడింది. తిరిగొచ్చాక వాళ్ళింటికి వెళ్తే ఆయనే అన్నారు: "చెప్పి పోతే వద్దంటానా? యార్డులో నా టిక్కీలు కొన్నోళ్ళు, సరుకు థాయ్‌లాండ్ పోద్దని చెప్పారు. నా కాయలు పోయిన ఊరికి నా కొడుకు పోతే తప్పేంది?"

అది నిజం. గుంటూరు తేజ కాయల్ని బాగా కొనే దేశాల్లో చైనాతో పాటు థాయ్‌లాండ్ కూడా ఉంది. మిర్చి యార్డులో థాయ్‌లాండ్ అంటే ఎవరూ నవ్వరు, రేటెంతో అడుగుతారు. నవ్వేది హాస్టళ్ళలోనే.

కాబట్టి వెళ్ళేవాళ్ళకి నా మొదటి సలహా ఇది: ఇంట్లో నిజం చెప్పండి. హోటల్ పేరు, అడ్రసు, విమానం నంబరు, పాస్‌పోర్టు ఫొటో ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉండాలి. వాళ్ళ టైమ్ మనకంటే గంటన్నర ముందు, అదీ చెప్పండి, లేకపోతే అర్ధరాత్రి దాటాక ఫోన్లొస్తాయి.

మిగతావి మేం దెబ్బలు తిని కొన్ని, తినకుండా కొన్ని నేర్చుకున్నవి. 2024 జూలై 15 నుంచి మనవాళ్ళకి పర్యటన కోసం 60 రోజుల దాకా వీసా లేకుండా రానిచ్చారు. ఇలాంటి నియమాలు మారిపోతుంటాయి, టికెట్ కొనే ముందు థాయ్ ఎంబసీ వెబ్‌సైట్ చూడండి, యూట్యూబ్ వీడియో కాదు. 2025 మే 1 నుంచి టీడీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు పెట్టారు. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది అసలు సైటు కాదు. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, చేతిలో డబ్బు చూపించమని అడగవచ్చు. మాలో ఒకణ్ణి అడిగారు, నన్ను అడగలేదు.

పేకాట సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన జిల్లాల వ్యవహారం. సంక్రాంతికి ఊళ్ళో ఆడినట్టు హోటల్ గదిలో సరదాగా ఒక ఆట వేద్దామనుకుంటారు. అక్కడ 1935 నాటి జూద చట్టం ఇంకా అమల్లో ఉంది. ఒకరి దగ్గర 120కి మించి పేక ముక్కలు ఉన్నా నేరమే. 2016లో పటాయాలో బ్రిడ్జ్ ఆడుకుంటున్న విదేశీ ముసలివాళ్ళని 32 మందిని స్టేషన్‌కి తీసుకెళ్ళారు. 2023 మేలో అదే ఊళ్ళో ఒక హోటల్ మీద దాడి చేస్తే పట్టుబడ్డవాళ్ళలో ఎక్కువమంది భారతీయులు, తెలుగువాళ్ళూ ఉన్నారు. మన పేపర్లలో రోజుల తరబడి వచ్చింది. ఈ-సిగరెట్ కూడా అక్కడ చట్టవిరుద్ధం. జేబులో ఉంటే ఇక్కడే పారేసి వెళ్ళండి.

రాజు మీద జోకులొద్దు. అక్కడి శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద మూడు నుంచి పదిహేనేళ్ళ జైలు. సోషల్ మీడియా పోస్టు కూడా లెక్కలోకి వస్తుంది. ఉదయం 8కి, సాయంత్రం 6కి జాతీయ గీతం వినిపిస్తే అందరూ ఆగుతారు, మీరూ ఆగండి. బుద్ధ విగ్రహాల దగ్గర పద్ధతిగా ఉండండి. మన అమరావతి ధ్యానబుద్ధుడి దగ్గర పీఠం ఎక్కి సెల్ఫీలు దిగే అలవాటు అక్కడ పనికిరాదు. గుర్తుగా బుద్ధుడి విగ్రహం కొని తెచ్చుకోవాలన్నా వాళ్ళ లలితకళల శాఖ అనుమతి కావాలి. ఒకరి తల తాకడం, కాళ్ళు ఎదుటివాళ్ళ వైపు చాపడం తప్పు. మన అమ్మమ్మలు చెప్పేది కూడా ఇదే కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు.

మాట్లాడేటప్పుడు మగవాళ్ళు వాక్యం చివర "ఖ్రప్" అని, ఆడవాళ్ళు "ఖా" అని చేర్చాలి. అది మన "అండీ" లాంటిది. అది చేర్చిన దగ్గర్నుంచి ఆటోవాళ్ళు సైతం మాతో మెత్తబడ్డారు. శాకాహారులు "వెజ్" అంటే సరిపోదు, కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తారు. "జే" అని అడగండి, పసుపు మీద ఎర్ర అక్షరం ఉన్న జెండా చూసి ఆ కొట్లకే వెళ్ళండి. కారం గురించి గుంటూరు వాళ్ళకి చెప్పేదేముంది అనుకున్నాను గానీ, వాళ్ళ చిన్న పచ్చిమిరపకాయ దగ్గర నేను ఓడిపోయాను. ఇంకోటి, పాకెట్ల మీద తేదీలు బౌద్ధ శకంలో ఉంటాయి, మన సంవత్సరానికి 543 కలపాలి. మావాడొకడు పాల పాకెట్ మీద 2568 చూసి "ఇది మన మునిమనవళ్ళకి కూడా పాడవదురా" అన్నాడు.

టూరిస్ట్ పోలీసు నంబరు 1155, అంబులెన్సు 1669. ఇవి కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ పోతే అందులోని నంబర్లు కూడా పోతాయి.

ఇదంతా టూరిస్టుల బాధ. అసలు భయం వేరే ఉంది, ఆ నవ్వు ఎక్కువ హాని చేసేది అక్కడే.

ప్లేస్‌మెంట్లు పల్చబడ్డప్పుడల్లా టెలిగ్రామ్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. బ్యాంకాక్‌లో ఉద్యోగం, డేటా ఎంట్రీ లేదా డిజిటల్ మార్కెటింగ్, టైపింగ్ వస్తే చాలు, మంచి జీతం, టికెట్ మాదే, వీసా అక్కర్లేదు. 2022 సెప్టెంబరు 24నే విదేశాంగ శాఖ దీని గురించి హెచ్చరిక జారీ చేసింది, ఐటీ తెలిసిన కుర్రాళ్ళే గురి అని అందులో చెప్పింది. అయినా ఆగలేదు. నమ్మి వెళ్ళినవాళ్ళని బ్యాంకాక్‌లో దించి కారెక్కిస్తారు. కారు ఊళ్ళోకి పోదు, వాయవ్యంగా దాదాపు 500 కిలోమీటర్లు పోయి మే సాట్ అనే సరిహద్దు ఊరు చేరుతుంది. అక్కడ చిన్న నది, దాని పేరు మోయి. దాటితే మయన్మార్‌లోని మ్యావడ్డి. కంచె వేసిన ఆవరణలు, తుపాకుల కాపలా, పాస్‌పోర్టు వాళ్ళ చేతిలో. పని ఏమిటంటే రోజంతా చాటింగ్ చేసి అమాయకుల డబ్బు దోచడం. 2025 మార్చిలో రెండు రోజుల్లో వైమానిక దళం విమానాలు మే సాట్ నుంచి 549 మంది భారతీయుల్ని వెనక్కి తెచ్చాయి. అందులో మన రెండు రాష్ట్రాల వాళ్ళూ ఉన్నారు. అంతకు ముందు ఏడాది విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం కూడా ఈ బాపతే.

మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన దేశాల జాబితాలో థాయ్‌లాండ్ కూడా ఉంది. కానీ ఆ తనిఖీ పదో తరగతి పాసవని వాళ్ళకే. చదువుకున్నవాళ్ళకి తమ సంగతి తాము తెలుసుకోగల తెలివి ఉంటుందని చట్టం నమ్మకం. అంటే బీటెక్ వాణ్ణి ఎయిర్‌పోర్టులో ఆ కాగితం అడిగేవాళ్ళే లేరు. చదువే మనకి ఆ రక్షణ తీసేసింది.

కాబట్టి మనమే అడగాలి. వీసా లేని ప్రవేశం మీద థాయ్‌లాండ్‌లో ఉద్యోగం చేయకూడదు. నిజమైన కంపెనీ అయితే బయల్దేరక ముందే నాన్-ఇమిగ్రెంట్ బీ వీసాకి కాగితాలు పంపుతుంది, తర్వాత వర్క్ పర్మిట్ తీస్తుంది. "ముందు టూరిస్టుగా రా, అక్కడ మార్చుకుందాం" అన్నవాడి ఫోన్ అక్కడితో పెట్టేయండి. ఏజెంటు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరయ్యాడో లేదో చూడండి. రిజిస్టరైనవాడు తీసుకోవాల్సిన ఫీజు 30 వేలు, పైన జీఎస్టీ, అంతే. అనుమానముంటే తాడేపల్లిలో ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఆఫీసు ఉంది, మన క్యాంపస్ నుంచి బస్సులో పోయి అడిగి రావచ్చు. అక్కడికెళ్ళాక కారు ఎక్కితే మ్యాప్ తెరిచి చూస్తూ ఉండండి, లైవ్ లొకేషన్ ఇంటికి పంపండి.

ఇంటికి పంపండి అని రాయడం తేలిక. "గోవా" అని చెప్పి వెళ్ళినవాడు మే సాట్ లొకేషన్ ఎవరికి పంపుతాడు? ప్రాణాలతో తిరిగొచ్చినా ఊళ్ళో "బ్యాంకాక్ పోయొచ్చాడంట" అని మనం ఆ నవ్వే నవ్వితే, వాడు పోలీస్ స్టేషన్‌కెళ్ళి ఏజెంటు పేరు చెబుతాడా? చెప్పకపోతే ఆ ఏజెంటు తర్వాతి బ్యాచ్‌కి మెసేజ్ పెడతాడు.

ఆ దేశానికి చదువు కోసం వెళ్ళే దారీ ఉంది. బ్యాంకాక్ శివార్లలో, పథుమ్ థానీలో 1959లో మొదలైన ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది, సివిల్, వాటర్ రిసోర్సెస్ వాళ్ళకి బాగా తెలిసిన పేరు. అక్కడ ఉండేవాళ్ళు 90 రోజులకోసారి ఇమిగ్రేషన్‌కి అడ్రసు తెలపాలి, ఇంటి ఓనరు 24 గంటల్లో టీఎం 30 అనే ఫారం ఇవ్వాలి. గదిలో చేరే రోజే ఆ ఫారం గురించి ఓనర్ని అడగండి, తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

మొన్న ముగ్గురు జూనియర్లు నా గదికొచ్చి "అన్నా, మేం కూడా వెళ్తున్నాం, ఇంట్లో గోవా అని చెప్పాం" అన్నారు, నవ్వుతూనే. పర్మిట్ సంగతి, పాస్‌పోర్టు సంగతి చెప్పి, అక్కడే ఒకడి చేత వాళ్ళమ్మకి ఫోన్ చేయించాను. చిలకలూరిపేట దగ్గర ఊరు వాళ్ళది. ఆమె కాసేపు తిట్టింది. "నాన్నకి నేను చెప్తాలే" అంది. తర్వాత అక్కడ అన్నం దొరుకుద్దా అని అడిగింది. దొరుకుద్దంటే గోంగూర పచ్చడి పెట్టిస్తానంది. డబ్బా మూతకి టేపు చుట్టి చెక్-ఇన్ బ్యాగులో పెట్టమన్నాను, చేతిసంచిలో పెడితే నూనె ఉందని సెక్యూరిటీ దగ్గరే తీసేస్తారు.